మధ్య పేజీ నుంచి చదవమన్న షావుకారు

పిల్లలకి ఏ పుస్తకం ఇస్తే బాగుంటుందని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నేను వెంటనే చెప్పను. ముందు అడిగినవాళ్ళ మొహం పరీక్షగా చూస్తాను. పిల్లల కోసమే అడుగుతున్నారా, తమ కోసం అడుగుతూ పిల్లల పేరు చెబుతున్నారా అన్నది కాస్త తేల్చుకుంటాను. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మిరపకాయల షావుకారు గారి దగ్గర అంటుకుంది.

అవి అరవయ్యో దశకం తొలి ఏళ్ళు. మంగళగిరిలో బడిపంతులుగా చేసిన మా నాన్న, నేను లైబ్రరీ ట్రైనింగు ముగించిన ఏడాదే పోయారు. చిలకలూరిపేట నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊళ్ళో, శాఖా గ్రంథాలయంలో నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్ళికాని పిల్లని ఒంటరిగా పంపడం ఇష్టంలేక మా అమ్మ ఇంటికి తాళం పెట్టి నాతో వచ్చేసింది.

ఊరికి ఒకవైపు నల్లరేగడిలో పత్తి, ఇంకోవైపు మిరప. మాఘమాసం వచ్చిందంటే చుట్టూ కల్లాలన్నీ ఎర్రబడేవి. గ్రంథాలయం కమీషను కొట్ల వీధిలోనే ఉండేది. పక్క కొట్లో బస్తాలు దించినప్పుడల్లా ఘాటు లోపలికి కొట్టి, పేపరు చదివేవాళ్ళంతా తుమ్మేవాళ్ళు. తుమ్ములు ఆగాక రాజకీయాలు మళ్ళీ మొదలయ్యేవి. ముందు గది పూర్తిగా మగవాళ్ళది. నేను బల్ల దగ్గర కూర్చుంటే, వాళ్ళు పేపరు అంచు మీదుగా నన్ను చూసి మళ్ళీ పేపర్లోకి దూరిపోయేవాళ్ళు. ఈ పిల్ల ఎవరి సిఫారసు మీద వచ్చింది, ఏ పార్టీ వాళ్ళ మనిషి అన్నది వాళ్ళకి తేలలేదు.

వెనక గదిలో రెండు బీరువాలు ఉండేవి. అందులో ఒకటి పిల్లల పుస్తకాలది. నా ముందు పనిచేసినాయన దాన్ని తెరిచిన గుర్తులు లేవు. తాళం తుప్పు పట్టి ఉంటే, మా అటెండరు సాయిబు గారు కొబ్బరినూనె పోసి, సుత్తితో కొట్టి తెరిచారు. సాయిబు గారు ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినాయన. వాళ్ళింట్లో పరుపులు కుట్టేవాళ్ళు. పత్తి రోజుల్లో ఆయన తలమీద ఎప్పుడూ దూది పోగులు కనిపించేవి. బీరువాలో పుస్తకాలు చూసి, "ఇన్ని బొమ్మలున్నాయా దీంట్లో? నేను రికార్డులనుకున్నానమ్మా" అన్నారు.

ఎదురు వీధిలో ఆడపిల్లల బడి ఉంటే వెళ్ళి అడిగి, పిల్లల్ని రమ్మన్నాను. వచ్చారు గానీ ముందు గదిలో మగవాళ్ళని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అప్పుడు పెరటి తలుపు తీసి, వెనక వరండాలో చాప పరిచాను. అలా మొదలైంది.

పిల్లలు పుస్తకాలు పట్టుకెళ్ళారు. ఇళ్ళల్లో అనుమానాలు బయల్దేరాయి. ఊరికే ఇస్తున్నారంటే ఏదో ఉందన్నారు. ఒకావిడ పుస్తకాన్ని పాత గుడ్డలో చుట్టి, చేత్తో తాకకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇది మిషనోళ్ళదా, ఆ పార్టీ వాళ్ళదా?" అని అడిగింది. అది ఎలుకల పెళ్ళి కథ. ఎలుకలు ఏ పార్టీవో చెప్పలేక నేను నవ్వాను. ఆ నవ్వు కూడా ఆవిడకి నచ్చలేదు.

షావుకారు గారు వచ్చింది ఆ రోజుల్లోనే.

మధ్యాహ్నం మూసిన గ్రంథాలయం మళ్ళీ నాలుగింటికి తెరిచేవాళ్ళం. మొదటి పేపరు మనిషి రావడానికి ఇంకా టైము ఉండేది. ఆ సందులో ఒక భారీ మనిషి గుమ్మంలో నిలబడ్డారు. తెల్ల పంచె, భుజం మీద కండువా, వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి. సాయిబు గారు గబుక్కున బీడీ పారేసి లేచి నిలబడ్డారు. నా దగ్గరికి వచ్చి చిన్నగా, "వీధి చివర పెద్ద కమీషను కొట్టు ఈయనదేనమ్మా. ఊరికే వచ్చే మనిషి కాదు. చూసి మాట్లాడు" అన్నారు.

ఆయన చేతిలో మా గ్రంథాలయం పుస్తకం ఉంది.

"ఇది నువ్విచ్చిందేనా అమ్మాయ్?"

"అవునండి."

"మా కూతురి కూతురు. బడికోసమని మా దగ్గరుంచుకున్నాం. నిన్న దీన్ని చదువుకుంటా పడీపడీ నవ్వింది. అన్నం దగ్గర కూడా నవ్వింది. ఏంది ఇందులో?"

"కథండి."

"ఏం కథ?"

"ఒక మేక కథండి. చదవమంటారా?" అని మొదటి పేజీ తీశాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆ పేజీ వద్దు. మధ్యలో తియ్యి."

"మధ్యలోనా?"

"నేను మిరపకాయల యాపారం చేస్తా. బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయ పోసి అడుగున తాలుకాయ పెట్టటం నేనెరగంది కాదు. ఏ బస్తా అయినా మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి కాయ తీసి చూడందే కొనను. పుస్తకమైనా అంతే. మొదట్లో అందరూ మంచిగానే రాస్తారు. మధ్యలో ఏం పెట్టారో చదువు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను మధ్యలో ఎక్కడో తెరిచి చదివాను. కథేమిటంటే, యజమాని వేళకి మేత వెయ్యడం లేదని ఒక మేక అతని నడుముకి తాడు కట్టి, సంతకి తోలుకెళ్ళి అమ్మకానికి పెడుతుంది. నాకు తెరుచుకున్న పేజీలో, కొనడానికి వచ్చినవాళ్ళు ఆ యజమాని నోరు తెరిపించి పళ్ళు చూస్తున్నారు.

"ఆగు ఆగు," అన్నారు షావుకారు గారు. "మేక మనిషిని అమ్మటమేంది? కొనేవాడెవడు?"

"అదేనండి కథ."

"ఎవడన్నా కొన్నాడా?"

"చదవాలి కదండీ."

అంతలో పేపరువాళ్ళు రావడం మొదలైంది. ఆయన చటుక్కున లేచి, పుస్తకం నా బల్ల మీద పెట్టి, గట్టిగా నలుగురికీ వినపడేట్టు, "నేను చూసి సరేనన్నాకే మా పిల్లకి పుస్తకం ఇవ్వాలి. తెలిసిందా?" అనేసి వెళ్ళిపోయారు.

మర్నాడు అదే వేళకి వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. ఎలుకల పుస్తకం మధ్యలో తెరిపించారు. చుక్కల గురించి, పురుగుల గురించి ఉన్న పుస్తకం తెరిపించారు. పొడుపుకథల పుస్తకంలో నేను ఒకటి చదివితే, జవాబు చెప్పొద్దని చెయ్యి ఊపి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. జవాబు రాకుండానే పేపరువాళ్ళు వచ్చారు. ఆయన విసురుగా లేచి వెళ్ళిపోయారు. కాసేపటికి కొట్టు నుంచి గుమస్తాని పంపి, "జవాబు సాలెపురుగా అని అడిగి రమ్మన్నారండి" అనిపించారు. సాలెపురుగే. కానీ ఆ గుమస్తా నన్ను చూసిన చూపు మాత్రం నాకు బాగా గుర్తు. సాలెపురుగు అన్నది మా ఇద్దరి మధ్య ఏదో సంకేతమని అతను అనుకున్నాడు.

ఇంట్లో మా అమ్మ ఊరుకోలేదు.

"ఆయనెందుకొస్తున్నాడే రోజూ?"

"మనవరాలికిచ్చే పుస్తకాలు పరీక్ష చేస్తున్నారమ్మా."

"అంత పెద్ద కొట్టు వదిలిపెట్టుకుని? మిరపకాయలొచ్చే రోజుల్లో? నువ్వు నమ్ముతున్నావా?"

నేనూ నమ్మలేదు. నా అనుమానం వేరు. ఆయన నా మీద పైవాళ్ళకి ఫిర్యాదు చెయ్యడానికి ఒక్కో పుస్తకంలోంచి ఒక్కో ముక్క ఏరుకుంటున్నారని నాకు గట్టిగా అనిపించేది. ఆయన ఏదైనా వాక్యం మళ్ళీ చదవమంటే ఆ పేజీ నంబరు గుర్తు పెట్టుకునేదాన్ని. కొత్త ఉద్యోగం, వెనక ఎవరూ లేరు. ఆయన వెళ్ళాక ఆ వాక్యంలో ఏం తప్పుందా అని నేను పదిసార్లు చూసుకునేదాన్ని.

అమ్మ మర్నాటి నుంచి ఆ వేళకి గ్రంథాలయానికి రావడం మొదలుపెట్టింది. ఒళ్ళో పత్తి పెట్టుకుని, గోడ పక్కన పీట వేసుకుని, దీపారాధన వత్తులు చేస్తూ కూర్చునేది. షావుకారు గారు ఆవిణ్ణి చూసి, "అమ్మగారూ, మీ పిల్లని నేనేం చెయ్యనండీ" అన్నారు. అమ్మ వత్తి నలుపుతూనే, "నేనేమన్నానండీ? మా ఇంట్లో ఎండ తగులుతోంది, ఇక్కడ చల్లగా ఉంది" అంది. నిజానికి మా అద్దె ఇల్లే చల్లగా ఉండేది.

ఒకరోజు బడి వదిలాక ఆ మనవరాలే వచ్చింది. రెండు జడలు, పలక సంచి, మొహం నిండా కోపం.

"పంతులమ్మ గారూ, నాకు పుస్తకం ఎప్పుడిస్తారండీ?"

"మీ తాతయ్య గారు చూసి సరేనంటే ఇస్తానమ్మా."

"ఆయన ఎప్పుడూ సరేననడండీ. మేక పుస్తకం నాదగ్గర్నుంచి లాక్కున్నారు. నేను సగమే చదివా. అడిగితే, 'ఇంకా పరీక్ష అవలేదు, అడుగుదాకా చూడాలి' అంటన్నారు. మీ దగ్గర రోజూ చదివించుకుంటన్నారంటగా? అంటే నాకన్నా ముందు ఆయనే చదివేస్తన్నారన్నమాట!"

ఆ పిల్ల అంత స్పష్టంగా చెప్పినా నాకు వెంటనే ఎక్కలేదు. అంత మనిషి మేక కథ కోసం కొట్టు వదిలి వస్తారన్నది నా బుర్రకి తోచలేదు. అయినా ఒకసారి చూద్దామనిపించింది. మేక పుస్తకం తీసి ఆ పిల్ల చేతికిచ్చి, "ఇంట్లో చదువుకో. రేపు పొద్దున్నే తెచ్చెయ్యి" అన్నాను.

మర్నాడు షావుకారు గారు నాలుగింటి దాకా ఆగలేదు. పొద్దున మేం తలుపులు తీస్తుండగానే మేక పుస్తకం పట్టుకుని వచ్చారు. కొట్టు ముందు బండ్లు నిలబడి ఉన్నాయి, రైతులు కేకలేస్తున్నారు. ఆయన అదేమీ పట్టించుకోలేదు.

"పుస్తకం ఎందుకిచ్చావమ్మాయ్ దానికి? నేనింకా చూడటం అవలేదుగా!"

"చూసినంత వరకు మీకు తప్పేమీ దొరకలేదు కదండీ."

"చూసినంత వరకే దొరకలా. అడుగుదాకా చూడలేదు."

"మరి మీ మనవరాలు అడుగుదాకా చదివేసింది కదండీ. తననే అడగాల్సింది."

ఆయన మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. "అడిగా," అన్నారు. "చెప్పనంది. నేను దాన్ని ఆపానుగా, అందుకని చెప్పనంది. రాత్రంతా పక్కమీద దొర్లుతా నవ్వింది గానీ చెప్పలేదు." కాస్త ఆగి, ముందుకి వంగి, "చివరికి వాణ్ణి ఎవడు కొన్నాడు?" అని అడిగారు.

అప్పుడు అర్థమైంది నాకు. నవ్వొచ్చింది గానీ ఆ మొహం చూస్తే నవ్వే ధైర్యం లేకపోయింది. పుస్తకం తెరిచి చివరి పేజీలు చదివాను. సంతలో అందరూ ఆ యజమానిని నడిపించి చూస్తారు, బరువు ఎత్తించి చూస్తారు, నీకేం పని వచ్చని అడుగుతారు. అతనికి అరవడం ఒక్కటే వచ్చు. పొద్దుగూకేదాకా నిలబెట్టినా ఎవరూ కొనరు. మేక విసుగెత్తి అతన్ని మళ్ళీ ఇంటికే తోలుకొస్తుంది.

బయట కొట్టు దగ్గర షావుకారు గారి కోసం కేకలు వినిపిస్తున్నాయి.

"ఎవరూ కొనలేదా?" అన్నారు.

"కొనలేదండి."

"అరవటం తప్ప ఇంకేమీ రాదా వాడికి?"

"రాదనే రాశారండి."

ఆయన లేచి, కండువా దులుపుకుని, "కళ్ళకి పొరలొచ్చాయి నాకు. అక్షరం అక్షరం కలవట్లేదు. లేకపోతే నేనే చదువుకునేవాణ్ణి" అని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఈ మాట ఎవరితోనూ అనమాక." కళ్ళ మాటా, కథ మాటా అన్నది చెప్పలేదు.

ఆరోజు నుంచి మధ్యలో తెరవడం మానేశాం. మొదటి పేజీ నుంచే చదివేదాన్ని. అమ్మ వత్తులు చేస్తూ వినేది. ఒక్కోసారి షావుకారు గారికంటే ముందే "అయ్యో" అనేది.

కానీ ఊరు ఊరుకోదు కదా. పెద్ద షావుకారు రోజూ ఆ వేళకి లైబ్రరీలోకి ఎందుకు వెళ్తున్నట్టు అని పేపరువాళ్ళు అడగడం మొదలుపెట్టారు. గుమస్తా చెప్పిన సాలెపురుగు మాట కూడా వీధి చివరిదాకా వెళ్ళింది. చివరికి గ్రంథాలయ కమిటీ ప్రెసిడెంటు ఆయన్ని నలుగురిలో అడిగేశారు. ఆ ప్రెసిడెంటు గారు నల్లరేగడి ఆసామి, ఊళ్ళో మాట చెల్లే మనిషి. నలుగురి ముందు కథలు వింటున్నానని చెప్పుకోలేక షావుకారు గారు, "పిల్లలకిచ్చే పుస్తకాల్లో ఏముందో పరీక్ష చేస్తన్నా. అన్నీ మంచివని చెప్పలేం" అన్నారట.

ఈ సంగతి సాయిబు గారు ఆ సాయంత్రమే మోసుకొచ్చారు. "ఆ ఒక్క మాటతో కొంప మునిగిందమ్మా. రేపు కమిటీ వస్తంది" అన్నారు.

వచ్చారు. ప్రెసిడెంటు గారు, వెనక మరో ఇద్దరు. పేపరు చదివేవాళ్ళు పేపర్లు దించేశారు. ప్రెసిడెంటు గారు పిల్లల బీరువా తెరిపించి, పైనున్న పుస్తకం తీశారు. నా దురదృష్టానికి అది మేక పుస్తకమే. నిలబడే నాలుగు పేజీలు చదివారు. మొహం గంటు పెట్టుకున్నారు.

"ఇదేంటమ్మా?"

"పిల్లల నవ్వులాటకండి."

"నవ్వులాటా? మేక యజమానిని సంతలో అమ్మటమంటే ఏంటి అర్థం? రేపు పాలేరు ఆసామిని అమ్మమనేగా? మా ఇంట్లో పాలేరు పిల్లలు కూడా బడికెళ్తన్నారు, నీకు తెలుసా? ఈ పుస్తకం ఎవరు పంపారు ఇక్కడికి?"

"జిల్లా నుంచి వచ్చిన పెట్టెలోవేనండి. అన్నిచోట్లకీ వచ్చాయి."

"అన్నిచోట్లకీ వచ్చాయంటే ఇంకా అనుమానమే." వెనకున్న ఇద్దరూ తలలు ఊపారు. "షావుకారు గారు ఊరికే అన్లేదు. తాళంచెవి ఇలా ఇవ్వమ్మా. జిల్లాకి రాస్తాం. నీ సంగతి కూడా వాళ్ళే చూసుకుంటారు."

గోడ పక్కన అమ్మ వత్తి నలపడం ఆపేసింది. బొడ్లోంచి తాళంచెవి తీస్తున్నాను. ఎప్పుడు జారుకున్నారో, సాయిబు గారు వెళ్ళి షావుకారు గారిని పిలుచుకొచ్చారు. ఆయన రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డారు.

"రా రా, సమయానికొచ్చావు," అన్నారు ప్రెసిడెంటు గారు. "నువ్వన్నది నిజమే. ఈ మేక పుస్తకం నువ్వు చూశావా?"

"చూశా."

"పిల్లలకి పనికిరాదుగా?"

షావుకారు గారు నా వైపు చూడలేదు. పేపర్లు దించి తననే చూస్తున్న వాళ్ళందరి మొహాలూ ఒకసారి చూశారు. వాళ్ళలో సగంమంది ఆయనకి సరుకు వేసేవాళ్ళే. ఆయన మాట తిరిగితే రేపు కొట్లో నవ్వుకుంటారు. ఆయన మొహం చూసి, ఈ మనిషి నోరు విప్పరని నేను ఆశ వదులుకున్నాను.

"పిల్లల సంగతి నాకు తెలవదు," అన్నారు చివరికి. "నాకు పనికొచ్చింది."

"నీకా?"

"నాకే. నేను పరీక్షా చెయ్యలేదు, గిరీక్షా చెయ్యలేదు. ఈ అమ్మాయి చదువుతుంటే కూర్చుని విన్నా. మేకది విన్నా, ఎలకలది విన్నా. నా కళ్ళు కనపట్లా. నలుగురిలో చెప్పుకోటానికి సిగ్గయి నిన్న అబద్ధమాడా. ఇందులో పార్టీ లేదు, గీర్టీ లేదు. ఒకడు ఇంట్లో అరుస్తంటాడు, మేక వాణ్ణి సంతకి తోలుకెళ్తది, ఎవడూ కొనడు. అంతే కథ."

పేపరు చదివే మనిషి ఒకాయన నోరు నొక్కుకున్నా ఆగక నవ్వేశాడు. షావుకారు గారు అతని వైపు తిరిగేసరికి దగ్గులోకి మార్చుకున్నాడు.

అప్పుడు మా అమ్మ పీట మీంచే అంది: "పళ్ళు చూసేది చాలా బాగుంటుందండీ. చదవండి, మీకే తెలుస్తుంది."

ప్రెసిడెంటు గారికి ఒకవైపు నమ్మకం కుదరలేదు, ఇంకోవైపు వచ్చిన పని వదిలి ఉత్తచేతుల్తో వెళ్ళడం ఇష్టం లేదు. "సరే, నేనే ఇంటికి తీసుకెళ్ళి మొత్తం చూస్తా. చూసి చెప్తా" అని మేక పుస్తకం కండువాలో చుట్టుకుని వెళ్ళిపోయారు. తాళంచెవి మాత్రం అడగలేదు.

ఆ పుస్తకం చాలా రోజులు తిరిగి రాలేదు. నేను అడగడానికి భయపడ్డాను. సాయిబు గారిని పంపితే, చూడటం ఇంకా పూర్తి కాలేదని చెప్పి పంపారు. ఊళ్ళో మిరపకోతలు అయిపోయాయి. పత్తి కట్టెలు కూడా పీకేశారు. ఒకరోజు ప్రెసిడెంటు గారి తల్లి, తలంతా నెరిసిన ముసలావిడ, పాలేరు పిల్లని వెంటేసుకుని పెరటి తలుపు గుండా వచ్చింది. మేక పుస్తకం తిరిగిచ్చి, "వాడు పుస్తకం తెచ్చి అటక మీద పడేశాడమ్మా. నేను దించి ఈ పిల్ల చేత చదివించుకున్నా. వాడికి ఇంట్లో అరవటం తప్ప ఇంకేమొచ్చు? ఇలాంటిది ఇంకోటుంటే ఇవ్వు" అంది.

నేను ఆవిడ మొహం పరీక్షగా చూశాను. తన కోసమే అడుగుతోందని తేలింది. పొడుపుకథల పుస్తకం ఇచ్చాను.

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. పొదిలిలో చేశాను, మళ్ళీ గుంటూరు వైపు వచ్చాను. పుస్తకం చెప్పమన్నవాళ్ళకి ఆ ఊళ్ళో నేర్చుకున్నట్టే చెబుతాను. నీతి మొదటి పేజీలోనే కనిపిస్తే పక్కన పెట్టెయ్యమంటాను. ఎక్కడ తెరిచినా తర్వాత ఏమైందని అడగాలనిపించే పుస్తకం తీసుకోమంటాను. పిల్లలకి జంతువులు మాట్లాడే కథలు, సంతల కథలు, దారితప్పి మళ్ళీ ఇల్లు చేరే కథలు ఇవ్వమంటాను. చుక్కల పుస్తకం మాత్రం బొమ్మలు పెద్దవిగా ఉన్నదే ఇవ్వమంటాను. చిన్న అక్షరాల్లో ఉన్నది పెద్దవాళ్ళు కూడా మూసేస్తారు. పొడుపుకథలది ఇంట్లో ఒకటి ఉండితీరాలి. జవాబులు చివర్లో కాకుండా పక్కనే వేసిన పుస్తకం కొనొద్దు. ముఖ్యంగా, ఇంట్లో పెద్దవాళ్ళు పుస్తకం పరీక్ష చేస్తామంటే చెయ్యనివ్వండి. తిరిగి ఇస్తారన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. పిల్లకి ఇంకొకటి కొని ఉంచండి.

నేను ఆ ఊరు వదిలే ముందు ఏడాది షావుకారు గారు గుంటూరు వెళ్ళి కళ్ళకి ఆపరేషను చేయించుకొచ్చారు. దళసరి కళ్ళద్దాలతో, నాలుగింటికి కాకుండా సాయంత్రం అందరూ ఉన్నప్పుడే వచ్చారు. బీరువా దగ్గరికి తనే వెళ్ళి, పుస్తకాలు ఒక్కొక్కటే మధ్యలో తెరిచి చూసి, ఒకటి పట్టుకుని పేపరువాళ్ళ మధ్య బల్ల దగ్గర కూర్చున్నారు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, నిదానంగా చదువుకున్నారు. నన్ను చదవమనలేదు. ఒప్పుకోవాలి, నాకు కాస్త దిగులేసింది. అమ్మ కూడా పీట దగ్గర నుంచి రెండుసార్లు అటువైపు చూసింది.

కాసేపటికి ఆయన పగలబడి నవ్వారు. పేపర్లన్నీ ఒక్కసారిగా దిగాయి. కొట్టు నుంచి గుమస్తా వచ్చి, బండ్లొచ్చాయని పిలిచాడు. ఆయన తల ఎత్తకుండానే, కాసేపు ఆగమని చెయ్యి ఊపి, పేజీ తిప్పారు.